ఇంటి గుమ్మం నుంచి బస్సు మెట్టు దాకా: నాలుగేళ్లు నడిచాక

మా ఇంటి గుమ్మం నుంచి బస్టాపుకు 650 మీటర్లు. స్కూటర్ ఉన్నవాళ్లకు అది లెక్కలోకి వచ్చే దూరం కాదు. నాకు రోజు మొదలయ్యేదీ ముగిసేదీ ఆ దారిలోనే. నేను ఓర్వకల్లులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పొద్దున కర్నూలు నుంచి నంద్యాల వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కుతాను, సాయంత్రం అటునుంచి వచ్చే బస్సు దిగుతాను. నెలకు రెండుసార్లు మా అమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్లేదీ ఈ దారిలోనే. అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి.

2021 చివర్లో ఈ దారిలో మూడు పనులు జరిగాయి. మోరీ మీద బండలు పరిచి ఫుట్‌పాత్ చేశారు. బస్టాపులో రోడ్డుకు రెండు పక్కలా షెల్టర్లు కట్టారు. డివైడర్ మధ్యలో మనుషులు దాటడానికి దారి తీశారు. సెలవులు తప్ప రోజూ వాడాను కాబట్టి ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో రాస్తున్నాను. మీ వీధిలో ఇలాంటి పని మొదలైతే, సిమెంటు పోయకముందే అడగడానికి ఇందులో కొన్నైనా ఉపయోగపడతాయని నా ఆశ.

అన్నిటికంటే బాగా చేసింది డివైడర్ దగ్గరి దారి. ముందు అక్కడ ఇనుప గ్రిల్ ఉండేది. అవతలికి పోవాలంటే యూటర్న్ దాకా నడిచి మళ్లీ వెనక్కి రావాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు. ఎవరో గ్రిల్ ఊచ ఒకటి వంచేస్తే, ఆ సందులోంచే అందరూ దూరేవాళ్లు. ఒకరోజు నా చీర కొంగు ఆ ఊచకు పట్టుకుంది. ఇంకోవైపు లారీ హారన్. ఆ రెండు మూడు సెకన్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇప్పుడు అక్కడ గ్రిల్ తీసేసి, డివైడర్‌ను రోడ్డు మట్టానికి కోసి, మధ్యలో నాలుగైదుగురు నిలబడేంత చోటు వదిలారు. దీని మేలు వాడితే తప్ప తెలియదు. ఒకేసారి రెండు వైపులా చూడాల్సిన పని లేదు. ముందు కుడివైపు చూసుకుని సగం దాటతాం, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటాం, తర్వాత ఎడమవైపు చూసుకుని మిగతా సగం దాటతాం. అమ్మ లాంటి వాళ్లు రోడ్డంతా ఒక్క గుక్కలో దాటలేరు. సగం రోడ్డయితే దాటగలరు. మొదట్లో బైకుల వాళ్లు దాన్ని దగ్గరి యూటర్న్‌గా వాడుకున్నారు. అడ్డంగా పెట్టిన ఇనుప గుంజ ఒకటి ఏడాది తిరక్కముందే విరిగింది. తర్వాత సిమెంటు దిమ్మెలు పెట్టారు. దిమ్మెకూ దిమ్మెకూ మధ్య 90 సెంటీమీటర్లు వదిలారు, నేనే టేపుతో కొలిచాను. చక్రాల కుర్చీ పడుతుంది, బైకు వేగంగా దూరలేదు. జీబ్రా గీతలు మొదట మామూలు పెయింటుతో వేస్తే ఒక్క వానాకాలానికే మాసిపోయాయి. రెండోసారి వేడి చేసి పోసే మందపు రంగు వేశారు, అది ఇంకా ఉంది. ఈ పనికి పదికి తొమ్మిది మార్కులు వేస్తాను.

ఫుట్‌పాత్‌కు అయిదు కూడా వేయలేను. కారణం ఒక్కటే, ఎత్తు.

మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల మోరీ మూతే. మోరీ గోడలు ఎంత ఎత్తు లేస్తే ఫుట్‌పాత్ అంత ఎత్తు అవుతుంది. మా దారిలో అది కొన్నిచోట్ల 35 సెంటీమీటర్లు ఉంది. నడిచేవాళ్ల సౌకర్యాల కోసం, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదని, నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలని ఉంది. మా అమ్మకు ఆ పుస్తకం సంగతి తెలియదు. మొదటిరోజే అంచు దగ్గర ఆగి, "ఇంత ఎత్తు నేను ఎక్కలేను పాపా, రోడ్డు మీదే నడుస్తా" అంది. నాలుగేళ్లుగా ఆమె రోడ్డు మీదే నడుస్తోంది. నేను ఆమెకు కుడివైపున, బళ్లు వచ్చే వైపున నడుస్తాను.

ఎక్కగలిగినవాళ్లకు ఇంకో కష్టం. ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్ తెగిపోతుంది. కారు లోపలికి పోవాలి కాబట్టి అక్కడ కోసేసి రోడ్డు దాకా వాలు దించారు. నడిచేవాళ్లు దిగాలి, నాలుగడుగులు వేయాలి, మళ్లీ ఎక్కాలి. మా 650 మీటర్లలో ఇలాంటి దిగుళ్లు 11 ఉన్నాయి. ఫుట్‌పాత్‌ను ఒకే మట్టంలో ఉంచి, కారే ఆ అంచు ఎక్కి దిగేలా వాలు కడితే సరిపోయేది. కారుకు మోకాళ్లు నొప్పి పుట్టవు కదా. పైగా కొందరు తమ ఇంటి ముందు వాలుకు సొంతంగా నున్నటి బేతంచెర్ల బండలు వేయించుకున్నారు. ఇంట్లో పరుచుకోవడానికి ఆ రాయి ఎంత చల్లగా, అందంగా ఉంటుందో మనందరికీ తెలుసు. వాన పడితే వీధిలో అదే రాయి జారుడు బల్ల. 2023 వానాకాలంలో అలాంటి ఒక వాలు మీద జారి నా మణికట్టు బెణికింది. మూడు వారాలు ఎడమ చేత్తోనే బోర్డు మీద లెక్కలు రాశాను.

మోరీ బండల సంగతి వేరే చెప్పాలి. పూడిక తీయాలంటే బండలు లేపాలి. లేపినవాళ్లు తిరిగి సరిగ్గా కూర్చోబెట్టరు. ఒక మూల లేచి ఉంటుంది, కాలు పెడితే టకటక ఊగుతుంది. అయిదారు బండలకు ఒకటి చొప్పున కొక్కేలున్న మూత పెట్టి మిగతావి కదలకుండా బిగిస్తే ఈ బాధ ఉండదని, పని చేసిన మేస్త్రీయే నాకు చెప్పాడు. "కొక్కేలకు డబ్బులు రాయలేదమ్మా" అన్నాడు.

ఇక షెల్టర్లు. పాత బస్టాపు నాలుగు రోడ్ల కూడలికి ముందు, పెద్ద వేపచెట్టు కింద ఉండేది. కొత్త షెల్టరు కూడలి దాటాక, ఓ 70 అడుగులు వేస్తే వస్తుంది. మొదటి ఏడాది ఒక్కరూ అక్కడ నిలబడలేదు. నేనూ నిలబడలేదు. వేపచెట్టు నీడ ముందు రేకు కప్పు నీడ ఏపాటిది? జనం చెట్టు కింద ఉంటే డ్రైవరు అక్కడే ఆపుతాడు, డ్రైవరు అక్కడే ఆపుతాడు కాబట్టి జనం అక్కడే ఉంటారు. షెల్టర్లో కుక్కలు పడుకునేవి.

అయితే బస్టాపును కూడలి దాటించడంలో అర్థం ఉందని తర్వాత తెలిసింది. కూడలికి ముందు బస్సు ఆగితే ఎడమకు తిరగాల్సిన బళ్లు దాని పక్కనుంచి ముందుకొచ్చి అడ్డంగా కోస్తాయి. బస్సు దిగినవాళ్లు దాని ముందునుంచే రోడ్డు దాటుతుంటే వెనకొచ్చే బండికి వాళ్లు కనబడరు. దాటాక ఆగితే ఈ రెండు ప్రమాదాలూ తగ్గుతాయి. ఈ మాట చెబుతూ అక్కడ ఒక బోర్డు పెట్టి ఉంటే బాగుండేది. ఎవరూ చెప్పలేదు.

చివరికి జనాన్ని షెల్టరు దగ్గరికి తీసుకొచ్చింది ఉగ్గాని (బొరుగుల ఉప్మా) బండి. పొద్దున ఉగ్గాని బజ్జీ, సాయంత్రం మిరపకాయ బజ్జీ అమ్మే అక్క 2022 చివర్లో బండిని వేపచెట్టు కిందినుంచి షెల్టరు పక్కకు మార్చింది. చెట్టు దగ్గర పొద్దున బళ్లు ఎక్కువై గిరాకీకి నిలబడే చోటు లేకపోయింది. నెల తిరిగేలోపు కాలేజీ పిల్లలు అటు వచ్చారు, వాళ్ల వెనకే మేమంతా వెళ్లాం. డ్రైవర్లూ అక్కడే ఆపడం మొదలుపెట్టారు. సాయంత్రం ఆరు దాటాక ఆ బండి బల్బు వెలుగు, చుట్టూ నలుగురు మనుషులు ఉండడం నాకు ఎంత ధైర్యమో చెప్పలేను. వీధి దీపాలు రోడ్డు మధ్యను చూస్తాయి, ఫుట్‌పాత్ చెట్ల నీడలో చీకటిగానే ఉంటుంది. అందుకే మధ్యలో ఒకసారి ఆ బండిని తీసేయాలన్న మాట వచ్చినప్పుడు మేం పదిమంది ఆడవాళ్లం సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడే చట్టం 2014 నుంచే ఉంది. బండి ఉండాలి, నడిచే దారి వదలాలి. ఇప్పుడు రెండూ జరుగుతున్నాయి.

షెల్టరు కట్టేవాళ్లు సూర్యుడు ఎటు ఉంటాడో చూడాలి. నంద్యాల వైపు వెళ్లే షెల్టరుకు పొద్దుటి ఎండ వెనకనుంచి వస్తుంది, గోడ ఆపుతుంది. నాకు హాయి. ఊళ్లోకి వచ్చే బస్సు కోసం అవతలి షెల్టరులో కూర్చుంటే ఎండ నేరుగా ముఖం మీద కొడుతుంది. పొద్దున తొమ్మిదికి ఆసుపత్రికి బయలుదేరే ముసలివాళ్లు కూర్చునేది అందులోనే. బెంచీకి నల్లటి కడప బండ వేశారు. చలికాలంలో బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు ఆ రాయి మీద చెయ్యి కూడా పెట్టలేం. అమ్మ కోసం నేను మడత పెట్టిన గోనెపట్టా తీసుకెళ్తాను. రెండు షెల్టర్లకూ ఒకే డిజైను వాడకుండా అవతలి దానికి కప్పు ఇంకో రెండు మూడడుగులు ముందుకు చాచి ఉంటే ఈ కష్టం ఉండేది కాదు.

బస్సు మెట్టు గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. పల్లెవెలుగు మొదటి మెట్టు తారు రోడ్డు నుంచి 42 సెంటీమీటర్లు, ఇది కూడా నా టేపు లెక్కే. షెల్టరు ముందు అరుగు 15 సెంటీమీటర్లు ఉంది. బస్సు అరుగును ఆనుకుని ఆగితే ఎక్కాల్సింది 27 మాత్రమే. అమ్మ కడ్డీ పట్టుకుని ఎవరి సాయమూ లేకుండా ఎక్కుతుంది. బస్సు రెండడుగులు దూరంగా ఆగిందంటే ఆమె అరుగు దిగి మళ్లీ 42 ఎక్కాలి. అప్పుడు కింద నేను, పైన కండక్టరు, మధ్యలో అమ్మ. బస్సు ఎందుకు దూరంగా ఆగుతుందంటే, దాని కోసమే రోడ్డును లోపలికి తవ్వి ఇచ్చిన చోటులో షేర్ ఆటోలు నిలబడి ఉంటాయి. ఆటోవాళ్లనూ తప్పుపట్టలేను. మా ఊళ్లో లోపలి తిరుగుడు ఎక్కువగా వాళ్ల మీదే నడుస్తుంది, వాళ్లకు నిలబడే చోటు ఎవరూ చూపించలేదు. పోయిన ఏడాది ఆటో అన్నలతో మాట్లాడి షెల్టరు దాటాక ఒక పసుపు గీత గీయించాం. "టీచరమ్మా, గీత దాటం లేమ్మా" అన్నారు. పొద్దున పూట మాట నిలబెడుతున్నారు. సాయంత్రం రద్దీలో కుదరడం లేదు.

ఈ ఎత్తుల తేడా ఇప్పుడు ఇంకా ముఖ్యం. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే మాకు సున్నా టికెట్ ఇస్తారు. నాకు నెలకు పదిహేను వందల దాకా మిగులుతోంది. అమ్మ నన్ను అడగకుండా బస్సెక్కి చెల్లెలింటికి పోయి రాగలుగుతోంది. మా వెనక వీధుల్లోంచి ఇదివరకు షేర్ ఆటో ఎక్కిన ఆడవాళ్లంతా ఇప్పుడు ఈ 650 మీటర్లు నడుస్తున్నారు. ముగ్గురు కూర్చునే బెంచీ దగ్గర పొద్దున ఇరవై మంది ఉంటున్నాం. టికెట్ ఉచితం అయ్యాక దారి ఎలా ఉందో అందరికీ తెలిసొచ్చింది. చంకలో బిడ్డతో ఆ 35 సెంటీమీటర్లు ఎక్కలేక రోడ్డు మీదికి దిగే తల్లులను రోజూ చూస్తున్నాను.

కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవలో పదివేల విద్యుత్ బస్సులున్నాయి, కర్నూలు ఆ జాబితాలో ఉంది. కొత్త బస్సులు వస్తాయంటే సంతోషమే. వాటితోపాటు కొత్త స్టాపులు కట్టేటప్పుడు బస్సు మెట్టు ఎత్తు ముందు కనుక్కుని, అరుగు ఎత్తు దానికి సరిపోయేలా పోయాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 బస్టాపులు కూడా అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. మా స్టాపులో అరుగు ఎక్కడానికి వాలు ఉంది. ఆ వాలు దాకా రావడానికి మాత్రం ఎత్తు ఫుట్‌పాత్, 11 దిగుళ్లు, ఊగే బండలు.

పోయిన వారం మందుల షాపు ముందు మూడో బండ మళ్లీ విరిగింది. చీకట్లో ఎవరూ అందులో కాలు పెట్టకుండా ఉగ్గాని అక్క పాత స్టాపు దగ్గరి చెట్టునుంచి వేపకొమ్మ ఒకటి విరిచి ఆ గుంతలో నిలబెట్టింది. ఫొటో తీసి, కొలతలు రాసి, అర్జీ ఇచ్చాను. నిన్న సాయంత్రం చూస్తే పాత కొమ్మ వాడిపోయింది, దాని పక్కనే ఎవరో పచ్చి కొమ్మ ఇంకొకటి పెట్టారు.