బ్యాంకు కూలితే ఏ దారి మేలు: మూసివేతా, విలీనమా, కోతా, ప్రభుత్వ స్వాధీనమా?

బ్యాంకు మూతపడితే అందులో తీసుకున్న అప్పు కూడా దానితో పాటే మాఫీ అవుతుందని చాలామంది ఆశపడతారు. అలా ఎన్నడూ జరగదు. మనం కట్టాల్సిన అప్పు బ్యాంకు లెక్కల్లో ఆస్తి. మనం దాచుకున్న డబ్బు దాని లెక్కల్లో అప్పు. కూలిన బ్యాంకులో అమ్ముడుపోయే సరుకంటూ ఏదైనా మిగిలితే అది ప్రధానంగా రావలసిన బాకీలే. వాటిని వదులుకునే రిసీవర్ (కూలిన బ్యాంకు ఆస్తులు, అప్పులు సర్దే అధికారి లేదా సంస్థ) ఎవరూ ఉండరు. రెండో వైపు సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. డిపాజిట్ చేసిన డబ్బు బ్యాంకు సొంతమవుతుందనీ, ఖాతాదారుకు మిగిలేది బాకీ వసూలు చేసుకునే హక్కేననీ 1848లోనే ‘ఫోలీ వర్సెస్ హిల్’ కేసులో బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది. అంటే ఖాతాదారు కూడా చట్టం దృష్టిలో బ్యాంకుకు అప్పిచ్చినవాడే.

కాబట్టి బ్యాంకు కూలిందా లేదా అన్నదానికన్నా, కూలాక దాన్ని ఏ దారిన సర్దారన్నది ముఖ్యం. మూసి ఆస్తులు అమ్మడం, మరో బ్యాంకుకు అప్పగించడం, అప్పిచ్చినవారి సొమ్ములో కోత పెట్టి అదే బ్యాంకును నిలబెట్టడం, ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం అనే నాలుగు దారులూ ప్రపంచం చూసింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. మామూలు ఖాతాదారుకూ, మామూలు రుణగ్రహీతకూ వారాంతంలో మొదలై వారాంతంలోనే ముగిసే విలీనం మేలు. బ్యాంకును ముంచిన అధికారులకు కూడా చాలాసార్లు అదే మేలు కావడం అసలు చిక్కు.

మూసివేత నుంచి మొదలుపెడదాం. వడ్డీ రేటు, వాయిదా, తనఖా, హామీదారు పూచీ అన్నీ ఒప్పందంలో ఉన్నట్టే కొనసాగుతాయి. సక్రమంగా కడుతున్నవాడిని గడువుకు ముందే మొత్తం కట్టమని లిక్విడేటర్ (మూసిన బ్యాంకు ఆస్తులు అమ్మి అప్పులు తీర్చేవాడు) మామూలుగా అడగలేడు. అయితే ఓవర్‌డ్రాఫ్ట్ వంటివి అడిగిన వెంటనే తిరిగి చెల్లించాలన్న షరతు మీద ఇచ్చిన అప్పులు. బ్యాంకు బాగున్న రోజుల్లో ఎవరూ పట్టించుకోని ఆ షరతు మూసివేత రోజున నిద్రలేస్తుంది. అందరికన్నా ఎక్కువ దెబ్బతినేది సగం అప్పు మాత్రమే చేతికందినవాడు. భవనం సగం లేచింది, మిగతా విడతలు రావాలి. అమెరికాలో రిసీవర్‌గా వచ్చే డిపాజిట్ బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ, భారమనిపించిన ఒప్పందాన్ని తిరస్కరించవచ్చు. నష్టపరిహారం అడిగినా నేరుగా జరిగిన నష్టం వరకే, అదీ బ్యాంకుకు అప్పిచ్చిన మిగతావారి వరుసలో నిలబడి తీసుకోవాలి. తీసుకున్న సగానికి మాత్రం వాయిదాలు తప్పవు.

ఇక నోటిమాటలు. ‘మీరు సంతకం పెట్టండి, వసూలు సంగతి నేను చూసుకుంటాను’ అన్న మేనేజరు హామీకి బ్యాంకు బతికి ఉండగానే విలువ తక్కువ. బ్యాంకు పోయాక అసలే ఉండదు. 1942లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన డోయెంచ్ డ్యూమ్ కేసు దీనికి మూలం. సెయింట్ లూయిస్‌కు చెందిన డోయెంచ్ డ్యూమ్ అనే బాండ్ల వ్యాపార సంస్థ ఒక బ్యాంకుకు అమ్మిన బాండ్లు మొండివయ్యాయి. బ్యాంకు పుస్తకాల్లో ఆ నష్టం కనబడకుండా ఉండేందుకు సంస్థ ప్రామిసరీ నోట్లు రాసిచ్చింది. వాటిని వసూలు చేయబోమన్న అవగాహన రసీదుల్లో కూడా ఉంది. తర్వాత నోటు ఎఫ్‌డీఐసీ చేతికి వచ్చింది. ఆ రహస్య అవగాహనను అడ్డం పెట్టుకుని తప్పించుకోవడం కుదరదని కోర్టు తేల్చింది. 1950లో ఆ సూత్రం చట్టంలోకీ ఎక్కింది. రాతపూర్వకంగా, బోర్డు ఆమోదంతో, బ్యాంకు అధికారిక రికార్డుల్లో లేని మాట రిసీవర్ ముందు చెల్లదు. కఠినమే అయినా ఈ నియమం సబబే అనుకుంటాను. కూలిన బ్యాంకు మీద ఎన్ని మౌఖిక వాగ్దానాలు పుట్టుకొస్తాయో ఊహించడం కష్టం కాదు.

ఒకే బ్యాంకులో అప్పు, డిపాజిట్ రెండూ ఉన్నవారికి సర్దుబాటు ప్రశ్న వస్తుంది. భారత్‌లో డిపాజిట్ బీమా సంస్థ, బ్యాంకుకు రావలసిన బాకీని మినహాయించాక మిగిలిన డిపాజిట్‌కే, 5 లక్షల రూపాయల పరిమితి వరకు, బీమా ఇస్తుంది. బ్రిటన్‌లో 2010 చివరి నుంచి పద్ధతి మారింది. బాకీ ఉన్నా బీమా పరిమితి లోపలి డిపాజిట్ మొత్తం చేతికిస్తారు, అప్పు దాని దారిన వాయిదాల్లో సాగుతుంది. ఏది మేలు? డిపాజిట్ బీమా పరిమితి లోపలే ఉంటే బ్రిటన్ పద్ధతి నయం, ఎందుకంటే కష్టకాలంలో చేతిలో నగదు ఉంటుంది. డిపాజిట్ పరిమితి దాటితే లెక్క తిరగబడుతుంది. బీమా లేని సొమ్ము ఎప్పటికో, ఎంతో కొంత వస్తుంది. అదే సొమ్మును అప్పుకు జమ కట్టుకోగలిగితే రూపాయికి రూపాయి దక్కినట్టే. పెద్ద డిపాజిట్ ఉండీ అప్పు తీసుకున్నవాడికి ఆ అప్పే కవచమవుతుంది.

విలీనంలో ఈ తలనొప్పులు చాలావరకు ఉండవు. 2008 సెప్టెంబరు 25న సుమారు 30,700 కోట్ల డాలర్ల ఆస్తులున్న అమెరికా బ్యాంకు వాషింగ్టన్ మ్యూచువల్‌ను మూసి, అదే రోజు 190 కోట్ల డాలర్లకు జేపీ మోర్గాన్ ఛేజ్‌కు అప్పగించారు. డిపాజిటర్లు ఒక్క డాలరు పోగొట్టుకోలేదు. రుణగ్రహీతలకు మారింది వాయిదా కట్టే చిరునామా. కొత్త బ్యాంకు దగ్గర డబ్బుంటుంది కాబట్టి మిగతా విడతలు అందే ఆశ కూడా ఉంటుంది.

ప్రభుత్వం తీసుకుంటే ఇంకా భద్రం అనుకుంటాం కదా, అక్కడే నార్తర్న్ రాక్ అనే బ్రిటన్ బ్యాంకు కథ ఆశ్చర్యపరుస్తుంది. 2007 సెప్టెంబరులో ఖాతాదారులు బారులు తీరాక, 2008 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వం దాన్ని జాతీయం చేసింది. డిపాజిటర్లు గట్టెక్కారు. వాటాదారులకు పరిహారంగా సున్నా విలువ కట్టారు. ఇంటి అప్పుల్లో పెద్ద భాగాన్ని కొత్త అప్పులివ్వని సంస్థ కిందకు మార్చి, 2015లో సుమారు 1,300 కోట్ల పౌండ్ల కట్టను ప్రధానంగా సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మారు. కొత్త యజమాని దగ్గర తక్కువ వడ్డీ పథకాలు లేవు. ఈలోగా అర్హత నియమాలు బిగుసుకోవడంతో వేరే బ్యాంకు తీసుకోదు. ఒక్క వాయిదా తప్పనివారు కూడా ఎక్కువ వడ్డీలో ఇరుక్కుపోయారు. వారిని ‘తనఖా ఖైదీలు’ అన్నారు. చట్టప్రకారం వారి ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు. నష్టమంతా ఒప్పందానికి అవతల జరిగింది. అందుకే రుణగ్రహీత కోణంలో స్వాధీనాన్ని నేను విలీనం కన్నా కింద పెడతాను.

బ్యాంకు కూలడం వల్ల అప్పు తగ్గినట్టు కనబడే సందర్భాలూ ఉన్నాయి. ఐస్‌లాండ్‌లో 2008 అక్టోబరులో మూడు పెద్ద బ్యాంకులూ పడిపోయాక, విదేశీ కరెన్సీ మారకానికి ముడిపెట్టిన క్రోనా రుణాలు చట్టవిరుద్ధమని 2010 జూన్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పింది. భారం తగ్గడానికి కారణం షరతులోని లోపం, బ్యాంకు పతనం కాదు. చేతులు మారినంత మాత్రాన చెల్లని షరతు చెల్లుబాటు కాదు. రుణగ్రహీతకు నిజంగా పనికొచ్చే వాదన ఇదొక్కటే.

అప్పిచ్చినవారి వైపుకు వస్తే కోత పద్ధతి భయపెడుతుంది. 2013 మార్చిలో సైప్రస్ సంక్షోభంలో లైకీ బ్యాంకును మూశారు. బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో లక్ష యూరోలు దాటిన డిపాజిట్లలో చివరికి 47.5 శాతం వాటాలుగా మార్చారు. డబ్బు దాచుకున్నవాడు అడగకుండానే బ్యాంకు యజమాని అయ్యాడు! అయినా లైకీలో బీమా దాటిన సొమ్ము చిక్కుకున్నవారి కన్నా వీరి పరిస్థితే మెరుగు.

సాధారణ వరుసలో ముందు డిపాజిటర్లు, తర్వాత మామూలు రుణదాతలు, తర్వాత గౌణ బాండ్లు (మిగతా అప్పులు తీరాకే చెల్లించేవి), చివర వాటాదారులు ఉండాలి. విలీనం ఒక్కోసారి ఈ వరుసనే తలకిందులు చేస్తుంది. 2023 మార్చిలో క్రెడిట్ స్విస్‌ను యూబీఎస్ తీసుకున్నప్పుడు వాటాదారులకు 300 కోట్ల ఫ్రాంకుల విలువ దక్కింది, సుమారు 1,600 కోట్ల ఫ్రాంకుల ఏటీ1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయవచ్చన్న షరతుతో అమ్మేవి) సున్నా అయ్యాయి. ఆ రద్దుకు చట్టపరమైన ఆధారం లేదని 2025 అక్టోబరులో స్విస్ ఫెడరల్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టు అంది. 2020 మార్చిలో యస్ బ్యాంకును నిలబెట్టినప్పుడు కూడా ఇదే తీరు: 8,415 కోట్ల రూపాయల ఏటీ1 బాండ్లు రద్దు, పాత వాటాలు మాత్రం మిగిలాయి. 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఏటీ1 బాండు కొనేవాడికి నేనిచ్చే సలహా: వడ్డీ శాతం చదివే ముందు రద్దు షరతు చదవండి.

అధికారుల సంగతి. చెడ్డ వ్యాపారం చేయడం చాలాచోట్ల నేరం కాదు, మోసం నేరం. ఐస్‌లాండ్‌లో కౌప్తింగ్ బ్యాంకు అధిపతికి అయిదున్నర ఏళ్ళ జైలు పడింది బ్యాంకు కూలినందుకు కాదు. ఒక విదేశీ పెట్టుబడిదారు వాటా కొన్నాడని చాటి, ఆ కొనుగోలుకు వెళ్ళింది బ్యాంకు సొంత డబ్బేనన్న సంగతి దాచినందుకు. అమెరికాలో 1980ల పొదుపు సంస్థల పతనం తర్వాత వెయ్యి మందికి పైగా దోషులుగా తేలారు. 2008 తర్వాత పెద్ద బ్యాంకుల అధిపతుల్లో అలాంటి వరుస కనబడలేదు. వాషింగ్టన్ మ్యూచువల్ ముగ్గురు అధికారుల మీద ఎఫ్‌డీఐసీ 90 కోట్ల డాలర్లకు దావా వేసి, దాదాపు 6.4 కోట్లకు రాజీపడింది. అందులో వారి జేబుల నుంచి వచ్చింది అతి చిన్న ముక్క. అధికారులపై దావాల కోసం బ్యాంకు కట్టిన బీమా, బ్యాంకును ముంచినవారినే కాపాడటం నాకెప్పుడూ మింగుడుపడదు.

బ్రిటన్ 2013 చట్టంలో నిర్లక్ష్యపు నిర్ణయంతో బ్యాంకును కూల్చడాన్నే నేరం చేసి, ఏడేళ్ళ వరకు శిక్ష పెట్టింది. అయితే ‘కూలడం’ అంటే దివాలా ప్రక్రియో, కూలే బ్యాంకును సర్దడానికి అధికారులు చట్టప్రకారం తీసుకునే చర్యో, బాకీలు చెల్లించలేదని డిపాజిట్ బీమా సంస్థ తేల్చే స్థితో ఉండాలి. వాటికి ముందే పొరుగు బ్యాంకు ఎత్తుకుపోతే నేరం నిర్వచనంలోకే రాకపోవచ్చు. 2008లో కుదిరిన ఒప్పందంతో లాయిడ్స్ ఒడిలోకి వెళ్ళిన బ్రిటన్ బ్యాంకు హెచ్‌బీఓఎస్ తీరు అలాంటిదే. దాని కార్పొరేట్ విభాగాధిపతి పీటర్ కమింగ్స్‌కు 2012లో అయిదు లక్షల పౌండ్ల జరిమానా, నిషేధంతో కథ ముగిసింది.

కాబట్టి విలీనాల్లోనూ తేడా చూడాలి. బ్యాంకును బ్యాంకుగా కొనేస్తే, పాత అధికారులపై దావా వేసే హక్కు కూడా కొన్నవారి చేతికే పోతుంది. వారికి పాత గొడవలు తవ్వే ఆసక్తి తక్కువ. రిసీవర్ అమ్మితే అప్పులు, డిపాజిట్లు వెళ్ళిపోయినా డైరెక్టర్లపై దావా హక్కును తన దగ్గరే ఉంచుకుంటాడు. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు 2023 మార్చి 10న మూతపడింది, అదే నెలాఖరుకు ఫస్ట్ సిటిజన్స్ అనే మరో బ్యాంకు చేతికి వెళ్ళింది. ఖాతాదారులు మరిచిపోయి చాలాకాలం అయ్యాక, 2025 జనవరిలో ఎఫ్‌డీఐసీ పాత అధికారులు, డైరెక్టర్లు కలిపి 17 మంది మీద దావా వేసింది. నేను మేలంటున్నది ఈ రకం విలీనాన్ని.