సంతకం బాగుంది, టోకెన్ మాత్రం జేబులో వేసుకుని రండి

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర టెండర్ల పని చూసే ఒక షాపులో డిజిటల్ సంతకం తీసుకున్నా. పాన్, ఆధార్, ఫోన్‌లో చిన్న వీడియో, అంతే, క్లాస్ 3 సర్టిఫికెట్ యూఎస్‌బీ టోకెన్‌లో (పెన్‌డ్రైవ్ లాంటిది, పిన్ కొడితేనే సంతకం పడుతుంది) చేతికొచ్చింది. దానికంటే కింది స్థాయి క్లాస్ 2 ఇవ్వడం 2021 నుంచే ఆపేశారు కాబట్టి ఎవరైనా చవగ్గా ఇస్తామంటే నమ్మకండి.

అక్కడి కుర్రాడి ఓపికకు దండం పెట్టాలి. పీడీఎఫ్‌లో సంతకం డబ్బా అంకెల మీద పడకుండా మౌస్‌తో ఎక్కడ గీయాలో, చివరి సంతకం మనదైతే డాక్యుమెంట్ లాక్ చేసే టిక్ ఎక్కడుంటుందో, పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తే సంతకం చెల్లదని కాదు, సీసీఏ (డిజిటల్ సంతకాలిచ్చే సంస్థల మీద ఉండే కేంద్ర ప్రభుత్వ కంట్రోలర్) రూట్ సర్టిఫికెట్‌ను, అంటే మిగతా సర్టిఫికెట్లన్నిటికీ మూలమైనదాన్ని, ఆ కంప్యూటర్‌లో ఇంకా నమ్మకమైనదిగా పెట్టలేదని కూడా అయ్యుండొచ్చని, అన్నీ పక్కన కూర్చోబెట్టి చూపించాడు.

ఓనరుతోనే తంటా. "టోకెన్ ఈడే పెట్టిపోన్నా, బిల్లులప్పుడు సంతకం మేమే కొట్టేస్తాం" అంటాడు. డ్రాయర్ నిండా టోకెన్లే, ఒక్కోదాని మీద పేరు, పిన్ రాసిన స్టిక్కర్! ఐటీ చట్టం 2000 ప్రకారం ప్రైవేట్ కీని, అంటే టోకెన్‌లో ఉండి మన సంతకం వేసే రహస్య కోడ్‌ను, కాపాడుకోవాల్సింది మనమే. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇస్తామా ఎవరికైనా? నేను పిన్ మార్చుకుని తెచ్చేసుకున్నా. మూడు స్టార్లు, అవీ కుర్రాడికే.