జావానా, సీ ప్లస్ ప్లస్సా: ముందు ఏది మేలు?

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీకి ఊరి నుంచి కొత్తగా ఎవరు దిగినా, బ్యాగు విప్పకముందే అడిగేది ఇదే, అన్నా ప్రోగ్రామింగ్‌కి జావా నేర్చుకోనా, సీ ప్లస్ ప్లస్ నేర్చుకోనా అని. మొన్న వచ్చిన తమ్ముడు ఈసీఈ చదివాడు, చేతిలో ఆరు నెలల టైముంది. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

త్వరగా ఉద్యోగం కావాలంటే జావా. బ్యాంకుల ప్రాజెక్టులు, స్ప్రింగ్ బూట్ (జావాలో వెబ్ సర్వీసులు కట్టే ఫ్రేమ్‌వర్క్) పనులు ఇక్కడ బోలెడు. జావా స్లో అనే మాట పాతబడిపోయింది, ప్రోగ్రాం నడుస్తుండగానే జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కువసార్లు నడిచే భాగాలను మెషీన్ కోడ్‌గా మార్చేస్తుంది.

అసలు తేడా మెమరీ దగ్గర వస్తుంది. పది లక్షల అంకెలు దాచాలనుకోండి. సీ ప్లస్ ప్లస్ వెక్టర్‌లో, అంటే అవసరాన్ని బట్టి పెరిగే వరసలో, ఒక్కో ఇంట్‌కి (పూర్ణాంకానికి) 4 బైట్లు, అన్నీ పక్కపక్కనే, మొత్తం 4 ఎంబీ. అలాంటిదే అయిన జావా అర్రేలిస్ట్‌లో ఇంట్ నేరుగా పట్టదు, ఇంటీజర్ ఆబ్జెక్ట్ కావాలి, 64 బిట్ జేవీఎంలో అది మామూలుగా 16 బైట్లు, అది ఎక్కడుందో చెప్పే రిఫరెన్స్‌కి ఇంకో 4, అంటే దాదాపు 20 ఎంబీ. మామూలు ఇంట్ అర్రే వాడితే జావాలోనూ 4 ఎంబీయే, ఆ మాటా చెప్పాలి.

అయితే సీ ప్లస్ ప్లస్ ఆ పొదుపుకి బదులుగా జాగ్రత్త అడుగుతుంది. ఒకసారి నేను వెక్టర్‌లో మొదటి ఐటమ్‌కి రిఫరెన్స్ పట్టుకుని, తర్వాత పుష్‌బ్యాక్ చేశాను, అంటే చివర ఇంకో ఐటమ్ చేర్చాను. వెక్టర్ నిండిపోయి ఉంది, కాబట్టి అది సరుకంతా కొత్త చోటికి మార్చుకుని పాత చోటు ఖాళీ చేసేసింది, నా రిఫరెన్స్ మాత్రం పాత చోటినే చూస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది, సర్వర్ మీద చెత్త అంకెలు. కంపైలర్ ఒక్క వార్నింగూ ఇవ్వలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు, చివరికి అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే టూల్) ఆన్ చేస్తే నిమిషంలో లైన్ నంబర్‌తో సహా దొరికింది. జావాలో ఈ బాధ లేదు, లిస్ట్ లోపల ఎంత పెరిగినా మనం పట్టుకున్న ఆబ్జెక్ట్ మన చేతిలోనే ఉంటుంది.

ఇన్‌స్టిట్యూట్‌లో చేరేముందు ఒక్కటి అడగండి, సీ ప్లస్ ప్లస్‌లో ఏ స్టాండర్డ్, అంటే భాష ఏ వెర్షన్, చెబుతారని. పని అయ్యాక మెమరీని తనే వదిలేసే యునీక్ పాయింటర్ 2011లోనే వచ్చింది, ఇంకా మెమరీని చేత్తో తీసుకుని వదిలే న్యూ, డిలీట్ దగ్గరే ఆగిపోయే చోట డబ్బు కట్టొద్దు.

రస్ట్ అనే ఇంకో భాష సంగతీ అడుగుతున్నారు. నేను చేసిన తప్పును అది కంపైల్ దగ్గరే ఆపేసేది, అందుకే నాకు చాలా ఇష్టం. కానీ అందులో క్లాసులు, ఇన్‌హెరిటెన్స్ లేవు, ఫ్రెషర్ ఓపెనింగ్‌లు నేను చూసినంతలో తక్కువ. రెండో భాషగా పెట్టుకోండి.

తమ్ముడు ఈసీఈ, చిప్‌లు, నెట్‌వర్కింగ్ వైపు మనసుంది, అందుకే సీ ప్లస్ ప్లస్ పట్టుకోమన్నాను. నిన్న రాత్రి జీసీసీ కంపైలర్‌తో ఖాళీ వెక్టర్ తీసుకుని, ఒక్కో పుష్‌బ్యాక్ తర్వాత మొదటి ఐటమ్ అడ్రస్ ప్రింట్ చేయించాను. 1, 2, 4, 8 నిండినప్పుడల్లా అడ్రస్ మారిపోతుంటే, మెస్‌లో భోజనం టైమయినా లేవకుండా 16 దాకా చూస్తానని కూర్చున్నాడు.