పదకొండేళ్లుగా బండి సర్వీసింగ్ ఇంట్లోనే: ఏది కలిసొచ్చింది, ఏది రాలేదు

నా బండి స్ప్లెండర్ ప్లస్, 2013లో కొన్నది. ఖమ్మం నుంచి వైరాకు ఉద్యోగానికి రోజూ దాని మీదే వెళ్లొస్తాను, పోను రాను 45 కిలోమీటర్ల దాకా అవుతుంది. మీటరు 1,20,000 దాటింది. ఫ్రీ సర్వీసులు అయిపోయినప్పటి నుంచి, అంటే 2014 నుంచి, మామూలు సర్వీసింగంతా ఇంటి ముందు రేకుల కింద నేనే చేసుకుంటున్నాను. ఇంతవరకు బోరు పని, అంటే అరిగిన సిలిండరును బాగుచేయించే పని, పడలేదు. ఇంట్లో చేసుకుంటే నిజంగా ఉపయోగం ఉందా అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. ఉంది. అయితే అన్ని పనుల్లోనూ ఒకేలా లేదు.

డబ్బు మిగుల్చుకుందామని మొదలుపెట్టింది కాదు. ఒక సర్వీసు సెంటర్లో పొద్దున బండి ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నాను. బిల్లులో ఇంజనాయిల్ మార్చినట్టు ఉంది. ఇంటికొచ్చి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కింది గీతకన్నా దిగువన, కాటుకలా నల్లగా ఉంది. మర్నాడు వెళ్లి అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు తప్ప సమాధానం లేదు. ఆ వారమే పానాల సెట్టు కొన్నాను.

పానాల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. టపారియా రింగు పానాలు, డబుల్ ఎండ్ పానాలు అప్పుడు కొన్నవే ఇప్పటికీ వాడుతున్నాను, ఒక్కటీ నోరు సాగలేదు. చవగ్గా వచ్చిందని తెచ్చిన ఒక సాకెట్ల సెట్టు మాత్రం ఆరు నెలల్లో రెండు నట్ల మూలలు అరగదీసి గుండ్రంగా చేసిపెట్టింది. ఇవి కాక ప్లగ్ పానా, గేజీ ఉన్న ఫుట్ పంపు, ఒక మామూలు మల్టీమీటరు, తర్వాత కొన్న టార్క్ రెంచి, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా. స్ప్లెండర్‌కు సెంటర్ స్టాండ్ ఉంటుంది కాబట్టి వేరే స్టాండు అక్కర్లేదు. వీటన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది నోటుపుస్తకం. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం మార్చానో అందులో రాస్తాను. చైన్ ఎప్పుడు బిగించానో గుర్తుంచుకోవడం మనిషి వల్ల కాదు.

ముందు ఆయిల్ మార్చే పని సంగతి. ఎవరైనా మొదట నేర్చుకోవాల్సింది ఇదే. బండిని ఐదు నిమిషాలు నడిపి, ఇంజను వేడిగా ఉండగా కింద పాత టబ్బు పెట్టి 17 నంబర్ పానాతో డ్రెయిన్ బోల్టు విప్పాలి. వేడి ఆయిల్ పలచగా దిగుతుంది, అడుగున ఉన్న మడ్డి కూడా దానితోపాటే వస్తుంది. కొత్త ఆయిల్ 10డబ్ల్యూ-30, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉన్నదే పోయాలి. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోయకండి. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, కార్ల ఆయిల్స్ చాలావాటిలో జారుడు కోసం కలిపే మందుల వల్ల క్లచ్ పట్టు తప్పుతుంది. ఇంకో సంగతి, లెవెలు చూసేటప్పుడు డిప్‌స్టిక్‌ను మర తిప్పి బిగించి చూడకూడదు. ఊరికే రంధ్రంలో ఆనించి తీసి చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, ఆయిల్ తక్కువ పోసేస్తాం. పాత ఆయిల్‌ను డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డులో ఇస్తాను, వాళ్ల దగ్గర డ్రమ్ము ఉంటుంది. మురిక్కాలవలో పోస్తే అది ఎక్కడో ఒకచోట బావిలోకే చేరుతుంది.

ఇక్కడే నాకు పెద్ద దెబ్బ తగిలింది. మూడోసారో నాలుగోసారో ఆయిల్ మారుస్తూ, కారకూడదని డ్రెయిన్ బోల్టును బలమంతా పెట్టి బిగించాను. చేతిలో పానా ఒక్కసారిగా తేలికైపోయింది. బోల్టు బిగుస్తున్నట్టు లేదు, ఊరికే తిరుగుతోంది. బోల్టు ఇనుము, కేసింగు అల్యూమినియం, మెత్తనిదే తెగుతుంది. కేసింగులో మర పోయింది. మెకానిక్ చూసి, "సారూ, ఇది నా దగ్గర అయ్యే పని కాదు, లేత్ షాపుకు తీసుకెళ్లండి" అన్నాడు. అక్కడ రంధ్రం పెద్దది చేసి హెలికాయిల్, అంటే కొత్త మరగా పనిచేసే స్టీలు చుట్ట, వేశారు. రెండు రోజులు బస్సులో తిరిగాను. టార్క్ రెంచి కొన్నది ఆ తర్వాతే. ప్రతిసారీ కొత్త వాషరు వేసి, మాన్యువల్‌లో రాసినంతే బిగిస్తే చుక్క కారదు. బోల్టు కారేది బలం చాలక కాదు, నలిగిన వాషరు వల్ల.

ఇంట్లో చూసుకోవడం వల్ల ఎక్కువ కలిసొచ్చింది చైన్ దగ్గర. స్ప్లెండర్ చైన్‌కు చుట్టూ మూత ఉంటుంది, అందువల్ల దుమ్ము తక్కువ పడుతుంది. కానీ కళ్లకు కనబడదు కాబట్టి దాని సంగతే మర్చిపోతాం. మూతకు ఉన్న రబ్బరు బిళ్ల తీసి, వేలితో చైన్‌ను పైకీ కిందికీ ఆడించాలి. పైకీ కిందికీ కలిపి మొత్తం అంగుళం దాకా ఆడితే సరే. ఒక్కచోట చూసి వదిలేయొద్దు. చక్రం కాస్త కాస్త తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే చైన్ అన్నిచోట్లా ఒకేలా సాగదు. ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడ కొలత పెట్టుకుని బిగించాలి. వదులుగా ఉన్నచోట చూసి బిగిస్తే, బిగుతైన చోట చైన్ తీగలా లాగుకుపోయి బేరింగు మీద భారం పడుతుంది. రెండు పక్కల అడ్జస్టర్ల మీద గీతలు ఉంటాయి, రెండూ ఒకే గీత దగ్గర ఉండాలి. వెనక చక్రం జరిగింది కాబట్టి బ్రేకు పెడల్ ఆట, బ్రేకు లైటు రెండూ మళ్లీ సరిచూడాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

రెండు నెలలకోసారి మూత మొత్తం విప్పి, డీజిల్‌లో ముంచిన పాత టూత్ బ్రష్షుతో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, 90 నంబర్ గేర్ ఆయిల్ లోపలి వైపు నుంచి చుక్కలుగా వేస్తాను. మోటుల్ చైన్ స్ప్రే కూడా ఏడాది వాడాను. బాగుంది, చేతికి మురికి అంటదు, కానీ మూత ఉన్న చైన్‌కు అంత ఖర్చు అక్కర్లేదనిపించింది. ఈ పద్ధతి పట్టుకున్నాక చైన్ సెట్టు 30,000 కిలోమీటర్ల పైనే వస్తోంది. అంతకుముందు 17,000కే పళ్లు సూదుల్లా అయ్యేవి.

ఎయిర్ ఫిల్టరు గురించి ఒక్క మాట. మా దగ్గర గ్రానైట్ లారీలు, కటింగ్ ఫ్యాక్టరీల దుమ్ము ఎక్కువ. ఈ బండిలో ఉండేది నూనె పట్టించిన కాగితం ఫిల్టరు. దాన్ని గాలి కొట్టి శుభ్రం చేయడం తప్పు, మార్చాల్సిందే. మాన్యువల్‌లో చెప్పినదానికన్నా ముందే మారుస్తాను.

బ్రేకులు నేనే విప్పి చూస్తాను. డ్రమ్ము మీద బాణం గుర్తు ఉంటుంది, బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు అది పక్కనున్న గీతను చేరితే షూలు అయిపోయినట్టే. లోపలి పొడిని నోటితో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవండి.

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది అసలు అక్కరకొచ్చింది 2024 సెప్టెంబర్ 1న. ముందు రోజంతా, రాత్రంతా కురిసిన వానకు మున్నేరు పొంగి మా వీధిలోకి వచ్చింది. మేము మేడ మీదికి ఎక్కాం, బండిని ఎక్కించలేకపోయాం. నీళ్లు తగ్గాక చూస్తే సీటు పైదాకా ఒండ్రు. ఊళ్లో మెకానిక్ షెడ్లన్నిటి ముందూ బురద బండ్లే, వారం పది రోజులకు గానీ మన వంతు రాదన్నారు.

తాళం చెవి పెట్టలేదు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. బురద ఎండితే రాయి అవుతుందని ఆ పూటే మంచినీళ్లతో కడిగాను. తర్వాత ప్లగ్ విప్పాను. ప్లగ్ ఉండగా కిక్కు కొట్టకూడదు, సిలిండర్లో నీళ్లుంటే గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్ తీసి చేత్తో కిక్కును మెల్లగా నొక్కితే రంధ్రంలోంచి గోధుమరంగు నీళ్లు చిమ్మాయి. డ్రెయిన్ బోల్టు విప్పితే దిగింది ఆయిల్ కాదు, పాలు ఎక్కువ పోసిన టీ. ట్యాంకు విప్పి బకెట్లోకి వంచితే పెట్రోలు పైన, నీళ్లు అడుగున రెండు పొరలుగా తేలాయి. కార్బురేటర్ గిన్నె కింది స్క్రూ వదులు చేసి అందులో నీళ్లూ తీసేశాను. ఎయిర్ ఫిల్టరు పారేశాను. రెండు డ్రమ్ములూ విప్పితే అరచేతి నిండా బురద.

మూడు రోజులు ఎండలో ఆరనిచ్చి, ఉన్నవాటిలో చవకైన ఆయిల్ పోసి కిక్కు కొట్టాను. చాలాసేపటికి అందుకుంది. మూడు నిమిషాలు నడిపి ఆపి, ఆయిల్ దించితే ఇంకా టీ రంగే. మళ్లీ పోశాను, మళ్లీ దించాను, ఈసారి కొంచెం తేట. మూడోసారి దించినప్పుడు ఆయిల్ ఆయిల్‌లా దిగింది. ఆ మూడు లీటర్ల డబ్బులకు నేను ఏనాడూ బాధపడలేదు. అప్పుడు మంచి ఆయిల్ పోసి వైరా వెళ్లొచ్చాను. వీధిలో మరో నలుగురి బండ్లకు కూడా ఆయిల్ దించడంలో సాయం చేశాను, అందరికీ మొదట చెప్పింది సెల్ఫ్ నొక్కొద్దనే.

ఆ తర్వాత చక్రాల బేరింగులు, సెల్ఫ్ మోటారు మెకానిక్‌కే ఇచ్చాను. అవి నా చేతిలో అయ్యే పనులు కావు. క్లచ్ ప్లేట్లు, కుడిపక్క కేసింగు విప్పాల్సిన ఆయిల్ జల్లెడ, ఫోర్కు ఆయిల్ సీళ్లు, చక్రం స్పోకుల సెట్టింగు కూడా అంతే. ట్యాపెట్లు, అంటే ఇంజను వాల్వుల దగ్గర ఉండే సన్నని సందు, రెండేళ్లు నేనే ఫీలర్ గేజీతో (సందు కొలిచే పలచని రేకులతో) సరిచేశాను, ఒకసారి తప్పు లెక్కతో బిగించి చల్లటి ఇంజను స్టార్టు కాక ఇబ్బంది పడ్డాక మెకానిక్‌కు వదిలేశాను. ఇరవై నిమిషాల పని, ఆయన చెవికే తెలిసిపోతుంది.

డబ్బు లెక్క కూడా చెబుతాను. పనిముట్లకు పెట్టింది రెండేళ్లలో తిరిగొచ్చింది, ఆ తర్వాత ఏటా కొంత మిగులుతోంది గానీ అదేమీ పెద్ద మొత్తం కాదు. నెలలో ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు పోతాయి. ఆ రెండు గంటలు లేనివాళ్లు కనీసం చైన్, టైరు గాలి, ఆయిల్ లెవెలు ఇంట్లో చూసుకుని, మిగతావి నమ్మకమైన షెడ్డుకు ఇవ్వొచ్చు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యంపై కొత్త నిబంధనల) బండ్లలో చాలావాటికి కార్బురేటర్ ఉండదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. మా తమ్ముడి బండి అలాంటిదే. దానికీ ఆయిల్, చైన్, బ్రేకులు, ఫిల్టరు పై పద్ధతిలోనే చేస్తున్నాం. మీటర్లో ఇంజను లైటు వెలిగితే మాత్రం పానా పట్టుకోం, స్కానరు ఉన్న చోటికే తీసుకెళ్తాం. దాని బ్యాటరీ మీద ఒక కన్ను వేసి ఉంచండి. బండి ఆపి ఒక రాత్రి గడిచాక మల్టీమీటరులో 12.4 వోల్టులకన్నా తగ్గితే ఛార్జింగు పెట్టిస్తాం. పంపుకూ ఇంజెక్టరుకూ కరెంటు చాలకపోతే కిక్కు ఎంత కొట్టినా అది అందుకోదు.