బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి రెండు కిలోల ఆవకాయ

మా చెల్లెలిది ఆంధ్రాలోని ఇచ్ఛాపురం. ఒడిశాలో మేముండే బరంపురం నుంచి పాతిక కిలోమీటర్లు. ఇక్కడ పొద్దున్న పులుసు పెట్టి బస్సులో పంపితే మధ్యాహ్నం వాళ్ల భోజనాలకి అందుతుంది. 2024 వేసవిలో దాని ఎదురింటావిడ వాట్సాప్‌లో నా ఆవకాయ ఫొటో చూసి రెండు కిలోలు అడిగింది. సరే, ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో అమ్ముదామని మా ఊళ్లో జీఎస్టీ, లైసెన్సుల పనులు చేసిపెట్టే ఒక కన్సల్టెంటు దగ్గరికి వెళ్లాను. ఏడాదిన్నర ఆయన చేత పనులు చేయించుకున్నాక ఈ రివ్యూ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను, కుర్రాడు చెడ్డవాడు కాదు.

చిన్న గది, రెండు కుర్చీలు, ఒక ప్రింటరు. ఒడియావాడే కానీ తెలుగు మనలాగే మాట్లాడతాడు. నా సీసా చేతిలోకి తీసుకుని, "ఆంటీ, ఇది ఎక్కడెక్కడికి పంపుతారు?" అన్నాడు. ఎంతకి అమ్ముతారని అడగలేదు. ఒడిశా లోపలే అయితే ఏడాదికి అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదట. పెద్ద యాప్‌లో పెట్టినా, సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్నవాళ్లకి 2023 అక్టోబరు 1 నుంచి పాన్‌తో తీసుకునే ఎన్‌రోల్‌మెంట్ నంబరు చాలు. సరిహద్దు దాటితే మాత్రం మొదటి సీసాకే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. అంటే నేను ఎన్నడూ చూడని సంబల్‌పూర్ మన రాష్ట్రం, చెల్లెలి ఊరు పరాయి రాష్ట్రం. 1936కి ముందు ఈ రెండూళ్లూ ఒకే గంజాం జిల్లా అని మా మామగారు గొణిగారు. "జీఎస్టీకి అది తెలీదు తాతగారూ" అన్నాడు వాడు.

అప్పడాల మీద పన్ను లేదు. అవి మాత్రమే అమ్మేవాళ్లకి రాష్ట్రం దాటినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. "అప్పడాలతో సరిపెట్టుకుంటారా?" అని అడిగాడు, తన ఫీజు పోతుందని తెలిసి కూడా. ఆవకాయ లేకుండా నాకు వ్యాపారమేమిటి! పచ్చళ్ల మీద అప్పట్లో 12 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 5.

మాది అద్దె ఇల్లు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి కరెంటు బిల్లు, యజమాని ఒప్పుకోలు కాగితం కావాలన్నాడు. ఇల్లు కాస్తా దుకాణమైపోతుందని ఇల్లుగలాయన బెదిరిపోయి వారం రోజులు తిప్పాడు. కుర్రాడే వచ్చి గంటసేపు ఒడియాలో నచ్చజెప్పి సంతకం పెట్టించాడు. దానికి డబ్బులడగలేదు.

లేబులు పని అన్నిటికన్నా బాగా చేశాడు. నేను స్కెచ్ పెన్నుతో "ఇంటి ఆవకాయ" అని రాసి అంటించేదాన్ని. ఇప్పుడు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, అన్ని పన్నులూ కలిపిన ధర, ఫిర్యాదుకి ఫోను నంబరు, చదరంలో ఆకుపచ్చ చుక్క, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు అన్నీ ఉన్నాయి. దినుసులు ఎక్కువ బరువున్నది ముందు రాయాలి కాబట్టి నూనె ముందా ఆవపిండి ముందా అని కూర్చుని తూచాను. వంటింటి కాటా పనికిరాదు, తూనికల శాఖ ముద్ర ఉన్నదే కావాలన్నాడు. అది కొన్నాక తెలిసింది, ఇన్నాళ్లూ కిలోకి నలభై గ్రాములు ఎక్కువేస్తున్నానని. ఎదురింటావిడ అదృష్టం.

మా అబ్బాయి వేరే పేర్లతో అయిదు స్టార్ల రివ్యూలు పెడతానన్నాడు. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో అది కూడదని ఉందట, అమ్మేవాళ్లు కొన్నవాళ్లలా నటించకూడదు. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి.

ఇక నా కోపాలు. ప్యాకేజీ 7,500. అందులో ఉద్యమ్ అనే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్‌కి 1,500 వేశాడు. అది ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది, ఆధార్ ఉంటే ఫోనులోనే అయిపోతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కీ ప్రభుత్వ రుసుము లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి అప్పటి లెక్కన ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపు ఉన్నవాళ్లకి ఏడాదికి 100 రూపాయలు. మిగతాదంతా అతని కూలి. కూలి తీసుకోనీ, కానీ బిల్లులో "గవర్నమెంటు ఫీజు" అని రాస్తే ఎలా?

రెండోది, అమ్మకం లేకపోయినా జీఎస్టీ రిటర్ను, అంటే అమ్మకాల లెక్క, వేయాలని చెప్పనే లేదు. నాది మూడు నెలలకోసారి. ఆ శీతాకాలం సరుకైపోయి ఒక్క సీసా కూడా అమ్మలేదు, ఇంక వేసేదేముంది అనుకున్నాను. ఆలస్య రుసుము రోజుకు 20 చొప్పున పెరిగి 500 దగ్గర ఆగింది. నాలుగు రోజులు ఫోను ఎత్తలేదు. ఎత్తాక "మర్చిపోయాను ఆంటీ" అన్నాడు. ఆ 500 నేనే కట్టాను.

మూడు స్టార్లు. లేబులుకీ జీఎస్టీకీ వెళ్లండి, ఉద్యమ్ మీరే చేసుకోండి, బిల్లు మాత్రం వరస వరస చదవండి. రిటర్ను గడువులు ఇప్పుడు వంటింటి క్యాలెండరులో నేనే చుట్టి పెట్టుకుంటున్నాను. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు, మాకు 24వ తేదీ. ఇచ్ఛాపురం వాళ్లకి 22.