పొగతోటలో నొప్పుల క్లినిక్: అక్కి మానాక మిగిలిన మంటకు

అక్కి పొక్కులు ఎండి, పొలుసులు రాలిపోయిన తరువాత కూడా మా అమ్మకు ఎడమ పక్కటెముకల వెంబడి మంట తగ్గకపోవడంతో, కావలి నుంచి నెల్లూరు పొగతోటలోని ఒక నొప్పుల క్లినిక్‌కు తీసుకువెళ్లాము. అంతకు ముందు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల వల్ల కడుపులో మంట మొదలైందే తప్ప పక్కలో మంట పోలేదు. ఆ మాత్రలు ఎందుకు పనిచేయలేదో తెలుగులో, ఓపికగా చెప్పిన డాక్టరు కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆయన మొదట దూదిని పోగులా లాగి చర్మంపై మెల్లగా రాసి, తరువాత గుండుసూది మొన తాకించారు. సూదికి ఊరుకున్న అమ్మ దూదికి ఉలిక్కిపడింది. జాకెట్టు తగిలినా ఓర్చుకోలేక పాత పంచె ముక్క కప్పుకుంటున్నదని మేము చెప్పకముందే ఆయనకు అర్థమైంది.

మందుల చీటీ వెనక బొమ్మ గీసి ఆయన చెప్పినది ఇది. వైరస్ వల్ల నరం దెబ్బతిన్నప్పుడు, పాడైన భాగాలను ఎత్తివేయడానికి మాక్రోఫేజులనే రక్షణ కణాలు అక్కడికి చేరతాయి. ఆ వాపులో కణాల పొరల్లోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ ఆమ్లం విడిపడి, ఒక దారిలో కాక్స్ అనే ఎంజైము వల్ల ప్రోస్టాగ్లాండిన్లుగానూ, మరొక దారిలో లైపాక్సిజినేజ్ అనే ఎంజైము వల్ల ల్యూకోట్రైయీన్లుగానూ మారుతుంది. ప్రోస్టాగ్లాండిన్ ఇ2 నరాల కొసలను చిన్న తాకిడికే రేగేలా చేస్తుంది. ల్యూకోట్రైయీన్ బి4 మరిన్ని రక్షణ కణాలను రప్పిస్తుంది. డైక్లోఫెనాక్ మూసేది మొదటి దారినే. (ఆస్పిరిన్ కూడా ఆ దారినే మూస్తుందని 1971లో చూపిన బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్‌కు 1982లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.) పైగా నొప్పి ముదిరేసరికి వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు కూడా రేగి సంకేతాలను పెంచుతాయి, దెబ్బతిన్న నరం తాకకపోయినా తనంతట తానే సంకేతాలు పంపుతుంది కనుక, కాక్స్‌ను అడ్డుకున్నంత మాత్రాన ఈ మంట లొంగదు.

అందుకే ఆయన నరాల మీద పనిచేసే గాబాపెంటిన్‌ను రాత్రిపూట చిన్న మోతాదుతో మొదలుపెట్టారు. అది మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి కాబట్టి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా మోతాదు పెంచనన్నారు. ఈ జాగ్రత్త నాకు బాగా నచ్చింది. వంకాయ, చేపలు మానాలా అని అమ్మ అడిగితే, అక్కికి పత్యం అవసరం లేదనీ, చేపల్లోని ఒమేగా-3 కొవ్వుల నుంచి శరీరం వాపును చల్లార్చే రిసాల్విన్లను తయారుచేసుకుంటుందనీ, అంతమాత్రాన చేపల పులుసును మందు అనుకోవద్దనీ నవ్వుతూ చెప్పారు.

మంట పూర్తిగా పోలేదు. అయితే అమ్మ రాత్రిళ్లు నిద్రపోతున్నది, జాకెట్టు వేసుకోగలుగుతున్నది. తొలి రోజుల్లో లేవగానే కళ్లు తిరిగేవి. మందు మొదలుపెట్టిన పెద్దవాళ్లను ఒంటరిగా స్నానాల గదికి పంపకండి.

డాక్టరుకు ఉన్న ఓపిక అక్కడి వ్యవస్థకు లేదు. టోకెను ఇచ్చినా వరుస పాటించరు, నడుము నొప్పితో వచ్చినవారు కూడా ఇనుప బల్లల మీదే గంటల తరబడి కూర్చోవాలి. కింది మందుల షాపులో 100 మిల్లీగ్రాములు రాస్తే 300వి చేతిలో పెట్టారు. చీటీతో సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి. మధ్యాహ్నం రద్దీ ఎక్కువ కనుక ఉదయాన్నే వెళ్లి, పాత చీటీలు, షుగరు రిపోర్టులు వెంట తీసుకువెళ్లడం మేలు.