అడ్డం వీడియోని నిలువుగా మార్చడం: షాట్‌కట్‌తో నా అనుభవం

మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాములన్నీ అడ్డంగానే తీస్తాం, స్టేజీ మొత్తం పడాలి కాబట్టి. ఆ తర్వాత చుట్టాలందరూ స్టేటస్‌లో పెట్టుకోవడానికి నిలువుగా కావాలంటారు. ఈ పనికి చాలాకాలంగా షాట్‌కట్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. లాగిన్ అడగదు, వీడియో మీద తన పేరు వేసుకోదు.

ముందు ఒక సంగతి చూసుకోవాలి. వీడియో పక్కకి పడుకుందా, లేక సరిగ్గానే ఉండి అడ్డంగా ఉందా? ఫోన్‌ని నేలవైపు వంచి ముగ్గు తీసినప్పుడు ఏది పైవైపో సెన్సర్‌కి తెలియక వీడియో ఒక్కోసారి పక్కకి తిరిగిపోతుంది. దీనికి షాట్‌కట్ దాకా వెళ్లక్కర్లేదు. లాస్‌లెస్‌కట్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రొటేషన్ మార్చి ఎక్స్‌పోర్ట్ కొడితే చిటికెలో అయిపోతుంది. అది బొమ్మ జోలికే పోదు, ఎటు తిప్పి చూపించాలో ఫైల్లో ఉండే గుర్తును మాత్రం మారుస్తుంది. క్వాలిటీ చెక్కుచెదరదు. కానీ ఆ గుర్తును పట్టించుకోని ప్లేయర్లలో వీడియో మళ్లీ పడుకునే కనిపిస్తుంది. అప్పుడు నిజంగానే తిప్పాలి. వీఎల్‌సీలో తిప్పడం చూసుకోవడానికే, అసలు ఫైలు మారదు.

అలా నిజంగా తిప్పడానికి షాట్‌కట్ పనికొస్తుంది. అందులో వీడియో మోడ్ (ప్రాజెక్టు కొలతల సెట్టింగ్) ఆటోమేటిక్‌లో ఉంటే, మొదట వేసిన క్లిప్ కొలతలే ప్రాజెక్టుకి వచ్చేస్తాయి. అందుకే క్లిప్ వేయకముందే నాన్-బ్రాడ్‌కాస్ట్ కింద వర్టికల్ హెచ్‌డీ ఎంచుకోండి. తర్వాత సైజ్, పొజిషన్ అండ్ రొటేట్ ఫిల్టర్‌లో 90 డిగ్రీలు ఇస్తే బొమ్మ నిలబడుతుంది, కానీ మధ్యలో చిన్నగా, చుట్టూ నలుపుతో. కంగారు పడక్కర్లేదు. జూమ్ దాదాపు 178 శాతానికి పెంచితే ఫ్రేము నిండుతుంది. 1920ని 1080తో భాగిస్తే వచ్చే లెక్కే అది.

అసలు పని రెండో రకంలో, అంటే సరిగ్గానే ఉన్న అడ్డం వీడియోని నిలువుగా కోయడంలో ఉంది. 1920×1080 వీడియోలోంచి 9:16 ముక్క కోస్తే వెడల్పు 608 పిక్సెళ్లే మిగులుతుంది, అంటే మూడో వంతు కూడా కాదు. తల నుంచి గజ్జెల దాకా మనిషి 900 పిక్సెళ్ల ఎత్తుందనుకోండి. చేతులు చాపితే వెడల్పూ ఇంచుమించు అంతే. ఇక హస్తాలు రెండువైపులా తెగిపోవాల్సిందే. ముద్రలు కనిపించని కూచిపూడి చూడబుద్ధి కాదు. అందుకే ఇప్పుడు 4కేలో, మనిషి ఫ్రేములో సగం ఎత్తుకి మించకుండా తీస్తున్నాను. 3840×2160లోంచి కోస్తే 1215 పిక్సెళ్ల వెడల్పు దొరుకుతుంది. నిలువు హెచ్‌డీకి కావలసింది 1080యే.

తరంగంలో ఇది ఎంత బాగా కుదురుతుందో! ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి కదులుతూంటే, ఆ కదలికతోపాటే ఫ్రేముని కూడా కీఫ్రేములతో, అంటే ఏ క్షణానికి ఫ్రేము ఎక్కడుండాలో చెప్పే గుర్తులతో, జరపొచ్చు. కదలిక మొదలైనచోట ఒకటి, ఆగినచోట ఒకటి పెట్టి, స్మూత్ ఎంచుకుంటే కుదుపు ఉండదు. అడుగడుక్కీ కీఫ్రేము పెడితే మాత్రం చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి.

కోలాటం లాంటి గుంపు నృత్యాలను కోయొద్దు. అడ్డం బొమ్మనే మధ్యలో ఉంచి, పైనా కిందా ఖాళీ వదిలేయడం మేలు. బ్లర్ ప్యాడ్ అనే ఫిల్టర్ ఆ ఖాళీని మసక బొమ్మతో నింపుతుంది. నాకైతే నలుపే ఇష్టం, చూపు డ్యాన్సు మీదే నిలుస్తుంది.

4కే క్లిప్పులకి పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. ప్రాక్సీ ఆన్ చేస్తే ఎడిటింగ్‌కి చిన్న కాపీలు వాడుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైలు నుంచే చేస్తుంది. ఫిల్టర్లు ఎక్కడున్నాయో అలవాటు కావడానికి కొంత టైమ్ పడుతుంది, ఆ ఓపిక ఉండాలి.

డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో కూడా ఇదంతా చేయొచ్చు. రంగులు సరిచేయడంలో అదే మెరుగు. అయితే దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. పైగా మనిషిని తనంతట తానే వెంబడించి ఫ్రేము జరిపే స్మార్ట్ రీఫ్రేమ్ డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. కీఫ్రేములు చేత్తో పెట్టుకోవడానికి సిద్ధంగా ఉంటే, మామూలు ల్యాప్‌టాప్‌కి షాట్‌కట్ చాలు.